అట్ట మీద ‘రీమాస్టర్డ్’ (కొత్తగా బాగుచేసింది) అని ఉంటే చాలదు: ఈ నెల నుంచి మా షాపులో మార్పులు

ఈ మధ్య మా దగ్గర కొన్న పాత తెలుగు సినిమాల బ్లూరేలు, డీవీడీలు కొందరు వెనక్కి తెచ్చిస్తున్నారు. డిస్కు ఆడటం లేదని కాదు. ఆడుతోంది గానీ చూడబుద్ధి కావట్లేదని. వాళ్ల మాటలో తప్పేమీ లేదు. వచ్చిన సరుకు నేనూ ఇంట్లో పెద్ద టీవీలో వేసి చూశాను. అందుకే విజయవాడ గాంధీనగర్‌లోని మా చిన్న షాపుకి వచ్చేవాళ్లకీ, కొరియర్‌లో తెప్పించుకునేవాళ్లకీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలనుకుంటున్నాను.

బ్లూరే అనేది ఒక డబ్బా మాత్రమే. 50 జీబీ పడుతుంది, 1080 లైన్ల బొమ్మ చూపిస్తుంది. లోపల ఏం పోశారన్నదే అసలు సంగతి. 35 ఎం.ఎం. నెగటివ్‌నో, మంచి ప్రింట్‌నో కొత్తగా స్కాన్ చేసి పోస్తే అద్భుతంగా ఉంటుంది. మనకి వస్తున్నవాటిలో చాలావరకు అలాంటివి కావు. ఎప్పుడో శాటిలైట్ ఛానెల్‌కి అమ్మేటప్పుడు తీసిన బీటాక్యామ్ (టీవీ వాళ్లు వాడిన వీడియో) టేపే ఆధారం. ఆ టేపులో ఉండేదే 576 లైన్లు. దాన్ని కంప్యూటర్‌లో 1080కి సాగదీస్తారు. సాగదీస్తే గరుకు కనిపిస్తుంది కాబట్టి ఆ గరుకంతా తుడిచేస్తారు. ఫిల్మ్‌కి సహజంగా ఉండే సన్నటి రేణువులు, అంటే గ్రెయిన్‌తో పాటు మనుషుల చర్మం కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఎస్వీ రంగారావు గారంతటి నటుడి ముఖం మైనపు బొమ్మలా తయారవుతుంది. కనుబొమ్మ కదిలిందో లేదో తెలియదు. ఆయన నటనలో సగం అక్కడే కదండీ ఉండేది!

తర్వాతది కోత. పాత సినిమాల బొమ్మ వెడల్పు, ఎత్తు దాదాపు 4:3 కొలతలో ఉంటాయి. కొత్త టీవీలో వేస్తే అటూ ఇటూ నల్లటి పట్టీలు వస్తాయి, రావాలి కూడా. కొనేవాళ్లకి ఆ పట్టీలు నచ్చవని బొమ్మని కొత్త టీవీ కొలత 16:9కి నింపేస్తున్నారు. అంటే ఎత్తులో పావు వంతు పోయినట్టే. క్లోజప్‌లో నుదురు పోతుంది, డాన్సులో పాదాలు పోతాయి. కూచిపూడి పుట్టిన ప్రాంతంలో షాపు పెట్టుకుని పాదాలు కనిపించని నాట్యం అమ్మడం నావల్ల కాదు.

ఇదే వరసలో ‘మాయాబజార్’ గురించి తరచూ అడుగుతుంటారు. 1957 నాటి ఆ సినిమాకి 2010లో రంగులద్ది, డీటీఎస్ సౌండు చేర్చి, వెడల్పు తెర సినిమాస్కోప్‌కి మార్చి విడుదల చేశారు. థియేటర్లో పిల్లలతో కలిసి చూసి ఆనందించినవాళ్లు ఎందరో ఉన్నారు, నాకూ దాని మీద కోపం లేదు. కానీ కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల్లో, ఆనాటి ఫ్రేముకి తగ్గట్టు లైటింగ్ చేసిన సినిమా అది. దాన్ని స్కోప్‌కి మారిస్తే బొమ్మ కొంత పోవాలి, లేదా సాగాలి, మూడో దారి లేదు. సినిమాలు సేకరించేవాళ్లకి రెండు రూపాలూ దొరకాలి. ప్రస్తుతం నలుపు తెలుపుది మంచి కాపీ చేతికొస్తే మాత్రం అది షెల్ఫు దాకా చేరట్లేదు, దారిలోనే ఎవరో పట్టుకెళ్తున్నారు.

‘ఒకే డిస్కులో మూడు సినిమాలు’ విషయానికి వస్తే, లెక్క మీరే వేసుకోండి. సింగిల్ లేయర్, అంటే ఒకే పొర ఉన్న డీవీడీలో పట్టేది 4.7 జీబీ. రెండున్నర గంటల సినిమాలు మూడు అంటే ఏడున్నర గంటలు. బొమ్మ, సౌండు కలిపి సెకనుకి 1.4 మెగాబిట్ల డేటా దక్కుతుంది. పాత వీసీడీ నడిచింది కూడా అంతే రేటు మీద! అదే సినిమా ఒక్కదాన్నే రెండు పొరల 8.5 జీబీ డిస్కులో పెడితే 7.5 మెగాబిట్లు వస్తాయి. అంటే మీరు కొంటున్నది డీవీడీ ధరకి వీసీడీ డేటా. వాన సీను వచ్చినా, జనంతో నిండిన పాట వచ్చినా తెరంతా గళ్లుగళ్లుగా విరిగిపోయేది ఇందుకే. దాని మీద కంపెనీ లోగో సినిమా అయ్యేదాకా మూలన వెలుగుతూనే ఉంటుంది.

సౌండ్ గురించి మా కస్టమర్ ఒకరు, సంగీతం మాస్టారు, చెప్పేదాకా నేను ఇంత పట్టించుకోలేదు. ఘంటసాల పాట పెట్టి పక్కన హార్మోనియం వాయించి చూపించారు. శ్రుతి కలవలేదు. కారణం ఏమిటంటే సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మన పాల్ టీవీ పద్ధతి 25. టేపుకి ఎక్కించేటప్పుడు నాలుగు శాతం వేగంగా తిప్పేస్తారు. రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు ముందే అయిపోతుంది, గొంతు హార్మోనియం మెట్టులో ముక్కాలు వంతు దాకా పైకి లేస్తుంది. ఆ టేపునే తీసుకొచ్చి బ్లూరేలో పోస్తే తప్పు కూడా బ్లూరేలోకి వచ్చేస్తుంది. పైగా మోనోలో (ఒకే ట్రాకులో) రికార్డయిన పాటకి ఎకో తగిలించి చుట్టూ స్పీకర్లలో వినిపించే 5.1 అని అట్ట మీద అచ్చేస్తారు. వీణ వెనక స్పీకర్లోంచి వినిపిస్తే అది అభివృద్ధి అనుకోవాలి కాబోలు.

ఇలా ఎందుకైందంటే ఒక్కరిని అనడానికి లేదు. 2007 ప్రాంతంలో డిస్కులు తయారుచేసే మోసర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి తెచ్చాక, పైరసీ రేటుకే ఒరిజినల్ అన్న సంబరం మాలాంటి షాపులకీ ఉండేది. కానీ ఆ రేటులో రీస్టోరేషన్‌కి, అంటే పాత ఫిల్మ్ బాగుచేయడానికి ఎవరు ఖర్చు పెడతారు? 2016లో జియో వచ్చాక డిస్కు కొనేవాళ్లే తగ్గారు. మోసర్ బేర్ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కి వెళ్లింది. ఇవాళ నిర్మాతకి డబ్బు తెచ్చేవి శాటిలైట్, ఓటీటీ, యూట్యూబ్ హక్కులు. డిస్కు హక్కు చివరాఖరున మిగిలేది, దానికి మాస్టర్ (డిస్కులు తీసే అసలు కాపీ) కూడా మిగిలిందే ఇస్తారు. చాలా సినిమాలకి నెగటివే లేదన్నది ఇంకో బాధ.

చేయలేక కాదు. ఏఎన్నార్ శతజయంతి సందర్భంగా 1953 నాటి ‘దేవదాసు’ని కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ-ఎన్‌ఎఫ్‌ఏఐ రీస్టోర్ చేయిస్తే, 2024లో గోవా ఇఫీ చిత్రోత్సవంలో వేశారు. అలాంటి స్కాన్ డిస్కుగా వస్తే ముందస్తు డబ్బు కట్టి తెప్పించే మనుషులు నా దగ్గరే ఉన్నారు.

ఇక మా షాపు సంగతి. మూడు సినిమాల డిస్కులు, రెండు సినిమాల డిస్కులు కొత్తగా తెప్పించను. ఉన్నవి అడిగినవాళ్లకి చవగ్గా ఇచ్చేస్తాను, అవి ఎలాంటివో చెప్పే ఇస్తాను. పాత సినిమా బ్లూరే ఏది వచ్చినా ముందు నేను వేసి చూసి, కవర్ మీద చీటీ అంటిస్తాను: టేపు నుంచి సాగదీసిందా, ఫిల్మ్ నుంచి తీసిందా, బొమ్మ కోశారా, నిడివి ఎంత, పాటలన్నీ ఉన్నాయా, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పాటలకి కూడా ఉన్నాయా. ఈ చివరిది ముఖ్యంగా అమెరికా నుంచి అడిగేవాళ్ల కోసం. అక్కడ పుట్టిన పిల్లలకి మాటలు అర్థమై పాటలు అర్థం కాకపోతే మన సినిమా సగమే చూసినట్టు. చీటీలో రాసినదానికీ డిస్కుకీ తేడా ఉంటే డబ్బు వాపసు, కొరియర్ ఖర్చు నాదే.

దీనివల్ల షెల్ఫులు పల్చబడతాయి. ఇప్పటికే సగం షాపు ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లతో నడుస్తోంది, అద్దె వాటి మీదే వెళ్తోంది. కాబట్టి మంచి డిస్కు మీద కాస్త ఎక్కువ మార్జిన్ వేసుకోక తప్పదు. బేరం ఆడండి, కాదనను, కానీ పాత రేట్లు గుర్తు చేయకండి.

ఇంకో మాట. ఈ మధ్య కొన్ని ‘ఒరిజినల్’ డిస్కులు ఫ్యాక్టరీలో ప్రెస్ చేసినవి కావు, కంప్యూటర్‌లో రైట్ చేసినవి. డీవీడీ వెనక్కి తిప్పి చూడండి. వెండి రంగులోనో, లేత బంగారు రంగులోనో మెరిస్తే ప్రెస్ చేసింది, ఊదా ఛాయ కనిపిస్తే రైట్ చేసింది. అందులో ఉండే డై (రంగు పూత) వేడికి పాడవుతుంది, మన బెజవాడ ఎండల సంగతి చెప్పక్కర్లేదు. అలాంటివి నేను తీసుకోవడం మానేశాను.

బదులుగా మీ ఇళ్లలో ఉన్న పాత డీవీడీలు కొంటాను. 2000 తర్వాత తొలి రోజుల్లో ఒక్కో సినిమాకి ఒక డిస్కు చొప్పున వచ్చినవాటిలో కొన్ని ఇప్పటి బ్లూరేల కంటే మెరుగు. బొమ్మ కోయలేదు, ముఖాలు తుడవలేదు. అట్ట, డిస్కు వెనక భాగం రెండూ పగటి వెలుతురులో ఫోటో తీసి పంపండి. గీతలున్నా పర్వాలేదు, లోపల బూజు చుక్కల్లాంటివి ఉంటే మాత్రం ముందే చెప్పండి. విశ్వనాథ్ గారివి, బాపు గారివి, కె.వి.రెడ్డి గారివి దొరికితే మంచి రేటు ఇస్తాను. ఆదివారం మధ్యాహ్నం దాకా షాపు తీసే ఉంటుంది, ప్లేయరూ టీవీ అక్కడే ఉన్నాయి, వేసి చూసుకునే మాట్లాడుకుందాం.