ముందు చెప్పండి, తర్వాత కనుక్కోమనండి

అయ్యా,

పోయిన ఆదివారం మీ పత్రికలో టీచర్లు చెప్పడం తగ్గించాలి, పిల్లలే సొంతంగా కనుక్కోవాలి అంటూ వచ్చిన వ్యాసం చదివాను. కోపం తగ్గాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను గానీ తగ్గలేదు. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఎస్‌జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని చెప్పినదాన్ని.

ఈ మాట కొత్తదేమీ కాదు. 90ల్లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఏపీపీఈపీ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) నడిచినప్పుడు శిక్షణల్లో కృత్యాలు, గ్రూపు పని అంటూ ఇవే చెప్పారు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో కృత్యాలు, ఆవిష్కరణ, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలని రాశారు. తర్వాత సీసీఈ, అంటే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది, 2020 జాతీయ విద్యా విధానం వచ్చింది. పేరు మారినప్పుడల్లా మాకు కొత్త మాడ్యూలు, కొత్త రిజిస్టరు. అసలు పిల్లలకు చదవడం వచ్చిందా అని అడిగిన అధికారి మాత్రం అరుదు. గోడల మీద చార్టులున్నాయా, ఫొటోలు యాప్‌లో పెట్టారా, ఇదే తనిఖీ.

612ని 6తో భాగించమని నాలుగో తరగతి పిల్లలకు ఇచ్చి చూడండి. సగం మంది 12 అని రాస్తారు. ఆరులో ఆరు ఒకసారి పోతుంది, ఒకటి దించుకుంటారు, పోదు, వెంటనే రెండు కూడా దించేసి పన్నెండులో ఆరు రెండుసార్లు అంటారు. మధ్యలో సున్నా పెట్టాలని వాళ్లకు తట్టదు. గ్రూపులో చర్చించుకోమంటే నలుగురూ కలిసి 12 అనే తేలుస్తారు, ఎందుకంటే నలుగురికీ తెలియదు. అదే బోర్డు మీద వందలు, పదులు, ఒకట్లు గీసి, పదుల దగ్గర ఒక్క పదే ఉంది, ఆరుగురికి తలా ఒక పది ఇవ్వలేం, అందుకే అక్కడ సున్నా అని చెప్పి, రెండు లెక్కలు నేను చేసి, రెండు వాళ్లతో కలిసి చేసి, ఆ తర్వాత వాళ్లను చేయమంటే పీరియడ్ అయ్యేలోపు చాలామందికి వచ్చేస్తుంది. దీన్ని బట్టీ అంటారా? విడమరిచి చెప్పడం వేరు, బట్టీ పట్టించడం వేరు. మీ వ్యాసకర్త రెండింటినీ ఒకే గాటన కట్టేశారు, నాకు మండింది అక్కడే.

ఇక మన లిపి సంగతి. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరాలతో పోలిక దాదాపు ఉండదు. 'అమ్మ'లో కింద ఉన్న గుర్తు 'మ' అని ఏ పిల్లాడు తనంత తాను కనుక్కుంటాడు? ఎవరో ఒకరు వేలు పెట్టి చూపించి చెప్పాల్సిందే. సంగీతం మాస్టారు సరళీ స్వరాలు చెప్పకుండా రాగం నువ్వే వెతుక్కో అంటారా?

పరిశోధనలు కావాలంటే అవీ ఉన్నాయి. అమెరికాలో 1968లో ప్రాజెక్ట్ ఫాలో త్రూ పేరుతో పేద పిల్లల మీద రకరకాల బోధనా పద్ధతులను పెద్ద ఎత్తున పరీక్షించారు. 1977లో వచ్చిన ఫలితాల్లో టీచర్ నేరుగా, మెట్టు మెట్టుగా చెప్పే పద్ధతే చదవడంలో, లెక్కల్లో ముందుంది. పిల్లల ఆత్మవిశ్వాసం కూడా ఏమీ తగ్గలేదు. 2006లో విద్యా పరిశోధకులు కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ రాసిన వ్యాసం చెప్పిందీ ఇదే. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒకేసారి ఎక్కువ విషయాలు మనసులో నిలుపుకోలేరు, వాళ్లకు దారి చూపించాలి, పట్టు వచ్చాక వదిలేయవచ్చు. మీ వ్యాసంలో దీని గురించి ఒక్క వాక్యమన్నా లేదు.

ప్రాజెక్టుల విషయం మరీ బాధాకరం. మా మనవరాలి బడిలో మూడో తరగతికి 'మన చెరువులు' అని ప్రాజెక్టు ఇచ్చారు. పిల్లను చెరువు దగ్గరికి ఎవరూ తీసుకెళ్లలేదు. వాళ్లమ్మ రాత్రి పదకొండింటి దాకా కూర్చుని నెట్‌లో బొమ్మలు ప్రింటు తీసి అంటించింది, రాత కూడా ఆమెదే. బడి పక్కన స్టేషనరీ షాపులో రెడీమేడ్ చార్టులు కూడా అమ్ముతున్నారు. కొనలేని ఇళ్ల పిల్లలకు, చదువురాని తల్లుల పిల్లలకు మార్కులు తగ్గుతాయి. కనుక్కోవడం పేరుతో చదువును ఇంటి మీదికి నెట్టేస్తే నష్టపోయేది ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలే. వాళ్లకు బడి తప్ప దిక్కు లేదు.

2021లో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది, 2022లో తెలంగాణలో తొలిమెట్టు వచ్చింది. మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలకు చదవడం, రాయడం, మామూలు లెక్కలు రావాలని లక్ష్యం పెట్టుకోవాల్సి వచ్చిందంటే ఇన్నేళ్లూ ఏం చేశామో ఆ వ్యాసకర్తే చెప్పాలి.

కృత్యాలు వద్దని నేను అనను. తడి దూదిలో శనగలు మొలకెత్తించి రోజూ స్కేలుతో కొలిపించాను, పిల్లలకు అది ఎంతో ఇష్టం. కానీ స్కేలు ఎలా పట్టాలో, సున్నా దగ్గర నుంచి ఎలా చూడాలో ముందు నేర్పాను.

విద్యాశాఖను కోరేది రెండే. ఒకటి నుంచి మూడో తరగతి దాకా ఇంటి ప్రాజెక్టులకు మార్కులు తీసేయండి. తనిఖీకి వచ్చే అధికారి గోడలు చూడటం మాని, ఏదో ఒక పిల్ల చేత పుస్తకంలో ఒక పేజీ చదివించండి. మిమ్మల్ని కోరేది ఒకటి. ఇలాంటి వ్యాసం మళ్లీ వేసేముందు, రెండు తరగతులకు ఒకేసారి పాఠం చెబుతున్న ఏకోపాధ్యాయ పాఠశాల టీచర్ ఒకరి చేత కూడా రాయించండి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, కరీంనగర్ జిల్లా