మోరీ పేరు పోయినా లాగ్‌బుక్కు మిగలాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికాలో బానిసత్వం పక్షాన నిలిచినవాళ్ల విగ్రహాలు, పేర్లు తీసేయడం తప్పా ఒప్పా అని మనవాళ్లు కూడా వాదించుకుంటున్నారు. ఆ పేర్లలో ఒకటి నాకు బాగా దగ్గరిది: సముద్రపు గాలుల పటాలు తయారుచేయించిన అమెరికా నౌకాదళ అధికారి మాథ్యూ ఫాంటేన్ మోరీ. నేను సరుకు ఓడల్లో పనిచేసి రిటైరై విశాఖలో ఉంటున్నాను. ఆయన మొదలుపెట్టించిన పనే సముద్రం మీద ఉన్నన్నాళ్లూ చేశాను.

వర్జీనియాలో 1806లో పుట్టిన మోరీ 1825లో నౌకాదళంలో చేరి, విన్సెన్స్ అనే యుద్ధనౌకలో భూమి చుట్టి వచ్చాడు. 1839లో ఒహాయోలో గుర్రబ్బండి బోల్తాపడి కాలు విరగడంతో ఓడ ఉద్యోగానికి పనికిరాకుండా పోయాడు. 1842లో వాషింగ్టన్‌లో పటాలు, పరికరాలు దాచే డిపో అప్పగించారు. అక్కడ పాత లాగ్‌బుక్కులు గుట్టలుగా పడి ఉన్నాయి. ఏ రోజు ఎక్కడ గాలి ఎటు వీచింది, నీరు ఎటు లాగింది అని ఎందరో రాసిపెట్టిన రాతలు. ఎవరికీ అక్కర్లేని ఆ పుస్తకాలను తన మనుషులతో పేజీ పేజీ చదివించి, 1847లో ఉత్తర అట్లాంటిక్ గాలుల పటం అచ్చువేయించాడు. మరుసటి ఏడు బాల్టిమోర్ నుంచి బయల్దేరిన ఒక ఓడ ఆ పటాన్ని నమ్ముకుని మామూలు కన్నా రెండు వారాలకు పైగా ముందే రియో డి జనీరో చేరింది. ఆ తర్వాత కెప్టెన్లంతా ఆ పటం కోసం ఎగబడ్డారు. ఆయన డబ్బులు అడగలేదు. మీ ప్రయాణంలో చూసింది రాసి నాకు పంపండి, పటం ఊరికే ఇస్తానన్నాడు. 1853లో బ్రస్సెల్స్‌లో 10 దేశాలు కూర్చుని, ఓడలన్నీ ఒకే పద్ధతిలో వాతావరణం రాయాలని ఒప్పుకున్నాయి.

మేం రాసిన లాగ్ దానికి వారసురాలే. గ్రీన్‌విచ్ టైము ప్రకారం ఆరు గంటలకోసారి గాలి, మబ్బు, కెరటం, బారోమీటర్ చూసి రాయాలి. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు కాన్వాస్ బకెట్‌ను తాడుతో సముద్రంలోకి వదిలి నీళ్లు తోడేవాణ్ని. థర్మామీటర్ బకెట్‌లో ఉండగానే అంకె చూడాలి, పైకి తీస్తే గాలి తగిలి తప్పు చూపిస్తుంది. రాత్రి వాచ్ డ్యూటీలో, తడి చేతులతో, టార్చ్ వెలుగులో రాసిన ఆ అంకె వాతావరణ శాఖకు చేరేది. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టినప్పుడు అలాంటి అంకె ఒక్కటి కూడా ఎంత విలువైనదో తీరంలో పుట్టిన మనకు వేరే చెప్పాలా?

ఇక మోరీ రెండో ముఖం సంగతి. 1861లో వర్జీనియా అమెరికా నుంచి విడిపోగానే ఉద్యోగం వదిలి బానిసత్వ రాష్ట్రాల పక్షం చేరాడు. వాటి కోసం నీటి మందుపాతరలు తయారుచేయించాడు. అంతకుముందే దక్షిణాది బానిసలను అమెజాన్ లోయకు తరలించవచ్చని వాదించాడు. మనుషులను సరుకులా లెక్కగట్టిన ఆ బుద్ధిని ఏ పటమూ కడగలేదు. 2020లో రిచ్‌మండ్‌లో ఆయన విగ్రహం దించారు. 2023లో అన్నాపొలిస్ నౌకా అకాడమీలో ఆయన పేరున్న భవనానికి జిమ్మీ కార్టర్ పేరు, సర్వే ఓడకు సముద్రగర్భాన్ని పటాలకెక్కించిన మేరీ థార్ప్ పేరు పెట్టారు. సబబైన పనే అని నా అభిప్రాయం. ఒక నల్లజాతి కేడెట్ రోజూ ఆ పేరు కింద నుంచి తరగతికి నడవాల్సిన అవసరం లేదు.

అయితే ఆ పటాల ఘనత ఎప్పుడూ ఆయన ఒక్కడిదే కాదు. పేరైనా మిగలని వేలమంది నావికులు రాస్తేనే అవి తయారయ్యాయి. మన ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలు నడిపే సరంగులతో కూర్చున్నప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు. నీటి రంగు మారిందంటే ఏంటో, ఏ నెలలో లాగుడు ఎటుంటుందో వీళ్లకు నోటికొచ్చు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి చేపల జాడ, కెరటాల హెచ్చరిక వీళ్ల ఫోన్లకు వస్తున్నాయి, సంతోషం. కానీ వీళ్లు చూసింది రాసుకునే పుస్తకం నేనెక్కిన మరపడవల్లో ఒక్కదాంట్లోనూ కనబడలేదు.

మత్స్యశాఖకు నా మనవి ఇది. మరపడవ లైసెన్సుతో పాటు తెలుగులో ఒక చిన్న లాగ్‌బుక్కు ఇవ్వండి. తేదీ, చోటు, గాలి, కెరటం, నీటి రంగు, పడిన చేప: ఆరు గడులు చాలు. వేట నుంచి రాగానే జెట్టీలో నకలు తీసుకుని, రాసిన సరంగు పేరుతో సహా భద్రపరచండి. ఎలా రాయాలో నేర్పడానికి నాలాంటి రిటైరైన ఓడ మనుషులం ఈ ఊళ్లో చాలామందిమి ఉన్నాం. పిలిస్తే వస్తాం.

— ఒక విశ్రాంత నౌకాధికారి, విశాఖపట్నం