అమ్మలూ, ఎప్పటిదాకా అన్నది రాసి పంపు

అంబాజీపేట దగ్గర, మన ఇల్లు
జూన్ 22, 2025, ఆదివారం

అమ్మలూ,

మొన్న రాత్రి ఫోన్లో "డిగ్రీ అయ్యాక అందరూ ఏదో ఒకటి మొదలుపెట్టేశారు నాన్నా, నేనే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను" అన్నావు. నేను ఏదో చెప్పబోయేలోపే "సరేలే, అమ్మకివ్వు" అనేశావు. నీ గొంతులో ఏడుపు తెలుస్తూనే ఉంది. ఫోన్లో అయితే నీకు మాట పెగలదు, నాకు సమయానికి మాట తోచదు. ఇవాళ మా సహకార సొసైటీకి సెలవు. అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ముందు పెద్దమ్మ తెచ్చిన సంబంధం సంగతి చెప్పేస్తాను. అది మనసులో పెట్టుకుని నువ్వు టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ అంటోంది. అబ్బాయి కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, మంచివాడే అంటున్నారు. అయి ఉండొచ్చు. కానీ నేనూ అమ్మా మాట్లాడుకుని, ఇప్పుడు వద్దని చెప్పేశాం. నీ జీతం రెండేళ్ళపాటు నీ చేతికి వచ్చేదాకా ఇంట్లో ఆ ప్రస్తావన రాదు. ఈ షరతు పెట్టింది మీ అమ్మే. "ఇంటర్ పరీక్షల హాల్ టికెట్ చేతిలో ఉండగా నాకు పెళ్ళిచూపులు పెట్టారు, దానికి అలా జరగనివ్వను" అంది. మా పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. ఆ పూట మేమిద్దరం అన్నం ముందు చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాం.

ఇక నువ్వన్న "అందరూ" ఎవరో ఒక్కొక్కళ్ళనే చూద్దాం.

నీ రూమ్మేట్ విప్రోలో చేరిందన్నావు, ఉద్యోగం చేస్తూనే ఎంటెక్ చదివించే పథకంలో. మంచిదే. కానీ ఆ పిల్లది మ్యాథ్స్, కంప్యూటర్స్ గ్రూపు. ఆ పథకంలోకి నీలాంటి జువాలజీ వాళ్ళని తీసుకోరు. నీకు లేని దారిలో ఆ అమ్మాయి ముందుకెళ్ళిందని నువ్వు వెనకబడినట్టు ఎందుకనుకుంటావు?

మీ చిన్నత్త కూతురు అవనిగడ్డలో కోచింగ్ తీసుకుని ఈ నెలలో డీఎస్సీ, అదే టీచరు పోస్టుల పరీక్ష, రాస్తోంది. తన సంగతి నువ్వు పూర్తిగా వినలేదు. 2019లో బీఈడీ అయింది. 2018 నోటిఫికేషన్‌కి అందలేదు. ఆ తర్వాత మళ్ళీ పెద్ద డీఎస్సీ జరగడానికి ఈ ఏడాదిదాకా పట్టింది, 16,347 పోస్టులతో. ఈలోగా 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చి, బీఈడీ చేసినవాళ్ళు ఒకటి నుంచి అయిదు తరగతులు చెప్పే ఎస్‌జీటీ పోస్టులకు పనికిరారని తేలింది. ఆరేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో తక్కువ జీతానికి పాఠాలు చెబుతూ, రాత్రిళ్ళు చదువుకుంటూ ఎదురుచూసింది. ఆ పిల్లకి ఈసారి స్కూల్ అసిస్టెంట్ ఉద్యోగం రావాలని నేను రోజూ కోరుకుంటున్నాను. నీకు పాఠం చెప్పడం ఇష్టమైతే బీఈడీ వద్దనను. ఏమీ తోచక బీఈడీలో చేరడం మాత్రం వద్దు. రెండేళ్ళ చదువు, ఆపైన టెట్, ఆపైన నోటిఫికేషన్ ఎప్పుడో మన చేతిలో లేదు.

మీ మావయ్య కొడుకు ఇంగ్లండ్ వెళ్ళాడు. అక్కడ మూడేళ్ళ డిగ్రీ మీదే ఏడాదిలో మాస్టర్స్ అయిపోతుంది. అమెరికాలో చాలా యూనివర్సిటీలు మొత్తం పదహారేళ్ళ చదువు అడుగుతాయి, అంటే మనవాళ్ళకి ఇంకో ఏడాది కావాలి. విదేశాల మాటొస్తే ఇది గుర్తుంచుకో. డబ్బు సంగతి నేను కౌంటర్లో కూర్చుని చూస్తున్నదే. నగలు తాకట్టుకి తెచ్చినవాళ్ళని ఎందుకని నేను అడగను, వాళ్ళే చెబుతారు. మొన్న ఒకావిడ నల్లపూసలు తప్ప ఒంటిమీద ఉన్నవన్నీ తీసి తూకంలో పెట్టింది. "అబ్బాయి కోచింగ్‌కండీ, ఈసారి వచ్చేస్తుందంట" అంది. అదే ఇంటినుంచి అదే మాట నేను వినడం మూడోసారి. ఆవిడకి ఏం చెప్పాలో తెలియక రసీదు రాసిచ్చాను. ఆ రోజు నుంచీ నీకు నా సంగతి చెప్పాలని అనుకుంటున్నాను.

నేను హైదరాబాదులో ఉండి చదివానని నీకు తెలుసు. ఎన్నేళ్ళో తెలియదు. అయిదేళ్ళు.

1996 నవంబరు 6న తుఫాను వచ్చినప్పుడు నేను అమలాపురంలో బీకాం ఆఖరి ఏడాది. తెల్లారి చూస్తే మన తోటలో నిలబడ్డ కొబ్బరి చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. కొత్త మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ పరిస్థితిలోనే తాతయ్య నన్ను 1998లో గ్రూప్స్ చదువుకోమని హైదరాబాదు పంపించారు. అశోక్‌నగర్‌లో నలుగురం ఒక గది, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీ. మొదటి ఏడాది నిజంగా చదివాను. రెండో ఏడాది గ్రూప్-1 ప్రిలిమ్స్ దాటాను, మెయిన్స్‌లో పోయింది. ఆ ఒక్క ప్రిలిమ్స్ పట్టుకుని మిగతా మూడేళ్ళూ గడిపేశాను. పుస్తకం తెరిచే ఉండేది, బుర్రలోకి ఏమీ వెళ్ళేది కాదు. ఊళ్ళోకి వస్తే "ఏం చేస్తున్నావురా" అంటే "ప్రిపేరవుతున్నాను" అనేవాణ్ణి. ఆ మాట వెనక దాక్కోవచ్చు. అందుకే పండక్కి కూడా రావడం తగ్గించేశాను.

తాతయ్య నెలనెలా మనియార్డరు పంపేవారు. మిగిలిన చెట్లకి రెండు నెలలకోసారి దింపు తీస్తే వచ్చే డబ్బు ఇంటికే చాలేది కాదు. కాలవ పక్కన మూడు కుంచాల తోట అమ్మి నాకు పంపారని 2003లో ఇంటికొచ్చాకే తెలిసింది. ఆ అయిదేళ్ళలో ఒక్కసారి కూడా "ఎప్పటిదాకా రా?" అని అడగలేదు. అడిగితే నేను బాధపడతానని. ఆయన ప్రేమ అలాంటిది. కానీ అమ్మలూ, ఆయన అడిగి ఉంటే బాగుండేది. నేను రెండో ఏడాది చివర్లోనే తిరిగొచ్చి ఉండేవాణ్ణి. ఓడిపోయినందుకు నాకు బాధ లేదు. వేలమంది రాస్తే కొందరికే వస్తుంది. ఎక్కడ ఆపాలో మొదట్లోనే అనుకోకపోయినందుకే బాధ.

అందుకని నేను నిన్ను అడుగుతాను. నువ్వు ఏది ఎంచుకున్నా, ఎప్పటిదాకా అని అడుగుతాను. నీ మీద నమ్మకం లేక అడుగుతున్నానని అనుకోకు.

ఇక్కడ కాలవలకి నీళ్ళొచ్చాయి, ఆకుమళ్ళు పోస్తున్నారు. విత్తనాల కోసం సొసైటీకొచ్చే ఏ రైతయినా ముందు అడిగేది "ఎన్ని రోజుల పంటండీ?" అనే. మార్టేరు వాళ్ళ స్వర్ణ వరి అయితే మొదటి పంట సార్వాకి 150 రోజులు, కాటన్ దొర సన్నాలయితే రెండో పంట దాళ్వాకి 120 రోజులు. దిగుబడి ఎంతన్నది ఆ తర్వాత మాట. నేను హైదరాబాదు వెళ్ళేటప్పుడు రోజుల మాట నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

బ్యాంకు పరీక్షలకైతే ఎంత వయసుదాకానో వాళ్ళే చెబుతున్నారు: క్లర్కుకి 28, ఆఫీసరు (పీవో) పోస్టుకి 30. నీకింకా 21. కావాలంటే రాయి. కానీ నీ లెక్కల సంగతీ, వాటంటే నీకున్న విసుగూ నాకు తెలుసు.

నాకు నిజంగా గుర్తున్నది వేరే. ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్‌కని నువ్వు భీమవరం ఆక్వా ల్యాబ్‌లో ఉన్నప్పుడు రోజూ రాత్రి ఫోన్ చేసేదానివి. మూడేళ్ళ కాలేజీలో నువ్వు అన్ని మాటలు ఎప్పుడూ చెప్పలేదు. తెల్లారకుండానే రైతులు సీసాల్లో చెరువు నీళ్ళూ, కవర్లో రొయ్యలూ పట్టుకుని వచ్చేస్తారని, ఉప్పు శాతం, అమ్మోనియా చూసి చెప్పేదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంటారని చెప్పావు. ల్యాబ్ ప్లేట్లలో బ్యాక్టీరియా పచ్చ కాలనీలు ఎక్కువుంటే ఎందుకు భయపడాలో, పసుపువాటి సంగతేంటో నానమ్మకి ఫోటో చూపించి మరీ చెప్పావు. నానమ్మ ఇప్పటికీ పక్కింటావిడతో "మా మనవరాలు రొయ్యల డాక్టరు" అంటోంది. పీసీఆర్ పరీక్షలో సీడ్‌కి, అంటే చెరువులో వేసే రొయ్య పిల్లలకి, తెల్లమచ్చ వైరస్ ఉందని తేలితే, ఒక రైతు లక్షలు పోయకుండా ఆగాడని చెప్పిన రోజు నీ గొంతు విన్నాను. 1990లలో ఆ తెల్లమచ్చకి టైగర్ రొయ్య వేసి మునిగిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. 2009లో వనామీ రొయ్య వచ్చాకే ఇక్కడ మళ్ళీ చెరువులు పుంజుకున్నాయి. అప్పట్లో మన ఊళ్ళో నీలాంటి పిల్ల ఒకతె ఉంటే ఎన్ని కుటుంబాలు నిలబడేవో అనిపించింది.

చెరువుల వల్ల పక్కన వరి చేలకి ఉప్పెక్కుతోందనీ, తాగే నీళ్ళు పాడవుతున్నాయనీ నువ్వే నాతో వాదించావు. ఆ కోపం కూడా దాచుకో. అది తెలిసినవాళ్ళే ఆ పనిలో ఉండాలని నేననుకుంటాను.

ఆ ల్యాబ్ ఆయన నెలకి పద్నాలుగు వేలు ఇస్తానన్నారని, "డిగ్రీ చదివి పద్నాలుగు వేలేంటి" అని నీ ఫ్రెండ్స్ అన్నారని అమ్మ చెప్పింది. నా అభిప్రాయం అడిగితే, అందులో ఒక ఏడాది చెయ్యి. వచ్చే జూన్ దాకా. చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళితే భీమవరం ఎంతో దూరం కాదు, పదిహేను రోజులకోసారి ఇంటికి రావచ్చు. సాయంత్రాలు ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలకి చదువుకో. ఫిబ్రవరిలో జరిగే జామ్ పరీక్షలో బయోటెక్నాలజీ పేపరుంది, కెమిస్ట్రీ పేపరూ ఉంది. దానితో ఐఐటీల్లో ఎమ్మెస్సీకి వెళ్ళొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి, పాండిచ్చేరికి సీయూఈటీ పీజీ రాయాలి. ల్యాబ్‌లో ఏడాది చేశాక వీటిలో ఏది ఎందుకు చదవాలో నీకే తెలుస్తుంది.

ఇంకో సంగతి. మొన్న రాసిన పీజీసెట్ ఫలితం వస్తే, ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌లో నీకు నచ్చిన సబ్జెక్టులో సీటొచ్చే ర్యాంకయితే ల్యాబ్ మాట పక్కన పెట్టేసి వెళ్ళిపో. వచ్చే ఏడాదికి నూరేళ్ళు నిండే యూనివర్సిటీ అది, సముద్ర జీవాల మీద ప్రత్యేకంగా చదువు చెప్పే విభాగం ఉంది. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే పరిశోధన చేస్తూనే నెలకి 37 వేలు ఇస్తారు. ఫీజు సంగతి నువ్వు ఆలోచించకు. తమ్ముడి ఇంజనీరింగ్‌కని దాచిన డబ్బులో చెయ్యి పెట్టనవసరం లేదు, నీకోసం విడిగా వేసిన చిట్టీ ఆగస్టులో చేతికొస్తుంది. ఎక్కడో దూరాన పేరు తెలియని కాలేజీలో సీటొస్తే మాత్రం, "పీజీ చేస్తోంది" అనిపించుకోవడానికి రెండేళ్ళు పోగొట్టుకోకు. నాలుగో ఏడాది ఆనర్స్ కూడా చేయొచ్చని మీ మేడం అన్నారట కదా, అందులో ఏమేం చెబుతారో, ఎవరు చెబుతారో కనుక్కో. పేరుకి ఉండి పాఠాలు లేకపోతే ఏడాది వృథా.

ఇవేవీ కాదని నువ్వు నాలుగోది ఏదైనా చెబితే అదీ వింటాను. నీ అడ్మిషన్ వేళ బీఎస్సీ వద్దన్నది నేనే, ఆక్వా గ్రూపు పట్టుబట్టి తీసుకున్నది నువ్వు. అప్పుడు నీ మాటే కరెక్టయింది.

ఊళ్ళోవాళ్ళు "అమ్మాయి ఏం చేస్తోందండీ" అంటే "ఆలోచించుకుంటోందండి" అని చెబుతున్నాను. దానికి నాకు సిగ్గేమీ లేదు. నువ్వూ సిగ్గుపడకు. కాకినాడ గదిలో ఒక్కదానివీ కూర్చుని ఫ్రెండ్స్ స్టేటస్‌లు చూస్తూ ఏడవకు.

నెలాఖరుకి గది ఖాళీ చేస్తావు కదా. ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల లిస్టులు కాలేజీలో ఎప్పుడిస్తారో అడిగి రా, లేకపోతే మళ్ళీ యానాం మీదుగా ఇంకోసారి తిరగాలి. పుస్తకాలు ఎవరికీ ఇచ్చెయ్యకు, ముఖ్యంగా మైక్రోబయాలజీ రికార్డు. సామాను ఎక్కువుంటే చెప్పు, నేనే వ్యాన్ మాట్లాడుకుని వస్తాను. కొత్తపల్లి కొబ్బరి మామిడి ఆఖరి కాయలు ఓ పది గడ్డిలో వేసి ఉంచింది మీ అమ్మ, తమ్ముడిని ముట్టుకోనివ్వడం లేదు.

వచ్చేలోపు ఒక కాగితం మీద రెండే రెండు ముక్కలు రాసుకురా: ఏం చెయ్యాలనుకుంటున్నావో, ఎప్పటిదాకానో. కొట్టివేతలున్నా ఫరవాలేదు.

నీ నాన్న