కాజాల పీరియడ్

విజయనగరం,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన కాజాల రాయుడికి,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు ముందుగా క్షమించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, వంటింటి కప్పు బాగుచేయించాము, మేనకోడలికి మన పాత కాన్వెంటులోనే సీటు దొరికింది. ఇంటి కబుర్లు ఇంతే. ఆ సీటు కోసం వెళ్లినప్పుడు జరిగినది నీకు చెబితే గాని నాకు నిద్ర పట్టదు.

ఆఫీసు గది పక్క వరండాలో ఎనభై దాటిన సిస్టర్ ఒకరు పాత తెల్ల చొక్కాకు కాజా కుడుతున్నారు. ప్రతి కుట్టుకూ దారాన్ని సూది మొన చుట్టూ ఒకసారి తిప్పి, బొటనవేలితో నొక్కిపట్టి లాగే ఆ తీరు చూడగానే, ఐదో తరగతితో బయటికి పంపేసే మగపిల్లలకు కూడా కుట్టుపని ఎందుకు నేర్పేవారని అడిగేశాను. కాజాలు నేర్పుతారనగానే తాపేశ్వరం కాజాలనుకొని నువ్వు టిఫిన్ డబ్బా కడిగి తెచ్చుకున్న సంగతి కూడా చెప్పేశాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. గొడుగు సంగతి మాత్రం చెప్పలేదు, భయపడకు.

తరువాత ఆవిడ చెప్పినది విను. 1650 అక్టోబరు 15న ఫ్రాన్సులోని లె పుయీ అనే ఊరిలో ఆరుగురు స్త్రీలతో ఆవిడ చేరిన సెయింట్ జోసెఫ్ సిస్టర్ల సంఘం మొదలైందట. వెనుక నిలిచినవాడు మెదాయ్ అనే జెసూట్ ఫాదర్. లేసు అనగానే మనకు నరసాపురం గుర్తొచ్చినట్టు అక్కడివారికి ఆ ఊరు గుర్తొస్తుంది. అనాథ బాలికలు ఎవరి ముందూ చేయి చాచకుండా బతకాలంటే చేతిలో పని ఉండాలని, ఈ సిస్టర్లు వారికి లేసు అల్లిక నేర్పేవారట. సన్యాసినులంటే మఠం గోడ దాటకూడదనే ఆ రోజుల్లో వీరు ఆ కాలపు వితంతువుల దుస్తుల్లోనే వీధుల్లో తిరిగి రోగులను చూసుకునేవారట. మనం ఎగతాళి చేసిన ఆ వేషం వెనుక ఇంత ఉందని తెలిసి నాకు సిగ్గేసింది. ఫ్రెంచి విప్లవంలో సంఘం చెల్లాచెదురైంది; జైలులో ఉన్న మదర్ ఫోన్‌బోన్ 1794లో విప్లవ నాయకుడు రోబెస్పియర్ కూలిపోవడంతో గిలొటిన్ అనే తల నరికే యంత్రాన్ని తప్పించుకొని, తరువాత దాన్ని మళ్లీ నిలబెట్టారు. ఆవిడ గురించి విడిగా రాయాలి, ఇప్పుడు వద్దు.

అసలు విషయానికి వస్తాను. మనం "ఫ్రెంచి సిస్టర్లు" అనేవాళ్లం కదా, అది తప్పురా! మన వైపు వచ్చినవారు ఆ సంఘంలోనే ఆన్సీ అనే ఊరి శాఖవారు. ఆ ఊరున్న సవోయ్ ప్రాంతం 1860 వరకు సార్డీనియా రాజు ఏలుబడిలోనే ఉంది. వారు 1849లో యానాం చేరారు, అంటే దిగినది ఫ్రెంచి గడ్డ మీదే గాని వారు ఫ్రెంచి ప్రజలు కారు. అప్పటికి సూయజ్ కాలువ తెరవడానికే ఇంకా ఇరవై ఏళ్లుంది. మన మహారాజావారు 1857లో ఇక్కడ బడి పెట్టడానికి ఎనిమిదేళ్లుంది. సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు 1846లోనే విశాఖపట్నం చేరారు, కాని ఆడపిల్లలను బడికి రప్పించడం మగవాళ్ల వల్ల అయ్యే పనా? సముద్రం దాటి వచ్చి, తెలుగు అక్షరం దిద్దుకుని, మన ముత్తవ్వల కాలపు ఆడపిల్లలకు చదువుతో పాటు సూదిని కూడా చేతికిచ్చిన ఆ ఆడవాళ్లను తలుచుకుంటుంటే, అరంగుళం కాజా కుట్టలేక మనం వేసిన కడుపునొప్పి వేషాలు...

ఆవిడ ఆ చొక్కా నా చేతిలో పెట్టి చివరి కాజా కుట్టమన్నారు. ఏడు కుట్లు వేశాను. ఆవిడ నాలుగు విప్పేశారు. మిగిలిన మూడూ నీకంటే బాగానే ఉన్నాయని గర్వంగా తెలియజేస్తున్నాను. ఆ చొక్కా ఎవరిదని అడిగితే ఆవిడ చెప్పిన జవాబు ఇంకా విచిత్రం, అది కూడా రాసేవాడినే గాని, ఈ ఉత్తరం పట్టుకెళ్లవలసిన తమ్ముడు విశాఖ బండికి వేళయిందంటూ గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్నాడు, కవరు మీద నీ అడ్రసు కూడా ఇంకా

నీ
వంకర కుట్టు