దేవాదాయ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ: మాన్సాస్ భూముల జాబితా ఎప్పుడు బయటపెడతారు?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ దేవాదాయ శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. ఇందులో రాసినదంతా అర్జీ రూపంలో మీకు ముందే అందాలి. గ్రీవెన్స్‌లో ఇచ్చాను, రిజిస్టర్ పోస్టులో పంపాను, మా ఊరికి పెద్దలొచ్చినప్పుడు జనంలో తోసుకుంటూ వెళ్ళి చేతికి కూడా ఇచ్చాను. స్టాంపు వేసిన కాపీలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబు మాత్రం ఒక ఫోన్ మెసేజ్, మీ అర్జీ పరిష్కరించబడింది, సంతృప్తి చెందారా అని. ఏం పరిష్కరించారో చెబితే కదండీ సంతృప్తి సంగతి చూసుకునేది! అందుకే ఇక నలుగురూ చదివేలా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

విజయనగరం పూసపాటి రాజకుటుంబం పెట్టిన మాన్సాస్ విద్యా ట్రస్టు గురించి, సింహాచలం గుడికి వంశపారంపర్యంగా ఉండే అనువంశిక ధర్మకర్త గురించి, 1987 దేవాదాయ చట్టంలో వ్యవస్థాపకుడి కుటుంబ సభ్యుడంటే ఎవరన్న దాని గురించి మీకు నేను చెప్పేదేముంది, ఆ ఫైళ్ళన్నీ మీ శాఖవే. నేను అడిగేది ఒక్కటే. ఆ చైర్మన్ కుర్చీలో పూసపాటి వారి ఏ కొమ్మ వారు కూర్చోవాలన్న దాని మీద ఇన్నేళ్ళుగా జీవోలు, కోర్టులు, అప్పీళ్ళు, ప్రెస్‌మీట్లు నడిపారు కదా, ఆ కుర్చీ కింద ఎన్ని ఎకరాలున్నాయో, ఎవరి సాగులో ఉన్నాయో, ఏటా ఎంత వస్తుందో ఊరి వాళ్ళకి ఎప్పుడు చెబుతారు?

పేపర్లలో ఒకసారి పద్నాలుగు వేల ఎకరాలంటారు, ఇంకోసారి అంతకు పైనే అంటారు. వంద పైచిలుకు గుళ్ళంటారు. మరి సర్వే నంబర్లతో సహా ఇదిగో జాబితా అని ఎవరూ అనరు. చైర్మన్ కుర్చీ నుంచి అశోక్ గజపతిరాజుగారు దిగి సంచయితగారు ఎక్కినా అనలేదు, ఆవిడ దిగి మళ్ళీ ఈయన ఎక్కినా అనలేదు.

2020 మార్చి మీకు గుర్తుండే ఉంటుంది. మీ ప్రభుత్వం కాదులెండి, ముందటి వారిది. అయినా మాకు ప్రభుత్వమంటే ప్రభుత్వమే. అప్పటికప్పుడు జీవోలు వచ్చాయి, అశోక్ గజపతిరాజుగారి స్థానంలో ఆయన అన్నగారు ఆనంద గజపతిరాజుగారి కూతురు సంచయితగారు చైర్‌పర్సన్ అయ్యారు. మాన్సాస్‌కూ ఆవిడే, సింహాచలానికీ ఆవిడే. ఆనంద గజపతిగారి ఇంకో కూతురు ఊర్మిళగారు తమకూ హక్కుందన్నారు. 2021 జూన్ 14న హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది, బాబాయిగారు మళ్ళీ వచ్చారు. ఆడపిల్ల కూర్చోకూడదనే మాట నేను ఒప్పుకోను, వంశంలో పెద్ద మగవాడికే చెందాలన్న నియమం ఈ రోజుల్లో ఏం న్యాయమని నాకూ అనిపిస్తుంది. కానీ అప్పటి ప్రభుత్వానికి ఆడపిల్లల హక్కు మీద అంత మమకారం అకస్మాత్తుగా ఎందుకు పుట్టుకొచ్చిందో విజయనగరంలో టీ కొట్టు దగ్గర నిలబడే కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. చైర్మన్ ఎదుటి పార్టీ నాయకుడు, అంతే. బాబాయికీ అన్న కూతుళ్ళకీ మధ్య ఏముందో వాళ్ళింటి విషయం. ఆ సందులో ప్రభుత్వం దూరితే అది మా ఇంటి విషయమవుతుంది.

ఇది కొత్తేం కాదండి. ఈస్టిండియా కంపెనీ దొరలు చేసిందీ ఇదే. ఈ పూసపాటి వంశంలోనే అన్న సీతారామరాజు, తమ్ముడు విజయరామరాజు. మద్రాసులో కూర్చున్న దొరలు ఓసారి అన్నని దివాన్‌గా నిలబెట్టారు, ఓసారి దింపారు, మళ్ళీ పిలిచారు, చివరికి అవసరం తీరాక మద్రాసు తీసుకెళ్ళి ఉంచేశారు. ఆ తర్వాత కథ 1794 జూలై 10న పద్మనాభంలో ముగిసింది, విజయరామరాజుగారు నేలకొరిగారు, సంస్థానం చాలావరకు చేజారింది. దాయాదులు కొట్లాడుకున్నప్పుడల్లా బాగుపడింది మధ్యలో తీర్పు చెప్పిన వాడే. అప్పట్లో పేష్కషు కోసం, అంటే సంస్థానం కట్టే కప్పం కోసం చేశారు. ఇప్పుడు దేనికోసం చేస్తున్నారో నా నోటితో చెప్పించకండి.

2020, 2021లో మా ఊళ్ళో ఏం జరిగిందో తీరిగ్గా ఒకసారి గుర్తు చేసుకోండి. విజయనగరం కోటలో మోతీమహల్ అనే పాత భవనం నేలమట్టమైంది. కూల్చింది మీరేనని ఒకరంటే, మీ హయాంలో ఇచ్చిన అనుమతే అని ఇంకొకరన్నారు. మట్టి ఎత్తుకుపోయారు, బాధ్యులు మాత్రం ఇప్పటికీ తేలలేదు. 1713లో కట్టిన కోట అది. పి.వి.జి. రాజుగారు లోహియా వెంట నడిచిన సోషలిస్టు మనిషి, 1958లో మాన్సాస్ పెట్టి ఆ కోటని చదువులకి ఇచ్చేశారు. ఇచ్చిన మనిషికున్న నిబ్బరంలో కాపాడాల్సిన వాళ్ళకి పదో వంతు ఉన్నా మోతీమహల్ నిలబడేది. 2020లోనే ఊళ్ళోని మూడు లాంతర్ల స్తంభాన్నీ పీకారు, జనం గోల పెట్టాక అభివృద్ధి పనులన్నారు.

అదే ఏడాది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. దసరా వెళ్ళిన మంగళవారం, పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ముందు నడుస్తుంటే వెనక చింతమాను కొసన పూజారిగారు కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతారు. కోట బురుజు మీద రాజుగారి కుటుంబం కూర్చుని మొక్కుకుంటుంది, మా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆడపడుచు పైడితల్లి కోసం చేసే పండగ కదా, పుట్టింటి వాళ్ళు కూర్చోవడం సబబే. ఆ ఏడాది ఊరంతా మాట్లాడుకున్నది అమ్మవారి గురించి కాదు, ఆ బురుజు మీద ముందు వరుసలో ఎవరు కూర్చోవాలి, ఎవరిని లేపాలని చూశారు అన్న దాని గురించి. టీవీల్లో రెండ్రోజులు అదే. అమ్మవారు వింటే ఏమనుకుంటారోనని మా ఆవిడ బాధపడింది. అమ్మవారికి ఈ దాయాదుల సంగతి మనకంటే ముందే తెలుసులే అన్నాను.

రామతీర్థం గుడి సంగతి సరేసరి. కోదండరాముడి విగ్రహాన్ని ఎవరో దుర్మార్గులు 2020 డిసెంబరులో ధ్వంసం చేస్తే, ముందు అక్కడి ధర్మకర్త అశోక్‌గారిని తీసేశారు. కొత్త విగ్రహాల కోసం ఆయన పంపిన 1,01,116 రూపాయల చెక్కు వెనక్కి పంపారు. దేవుడికిచ్చిన విరాళం వెనక్కి తిప్పి పంపడం నేనైతే మొదటిసారి వినడం. ఏడాది తర్వాత శంకుస్థాపన రోజు శిలాఫలకం దగ్గర తోపులాట, ఆ పైన కేసులు. ఫలకం మీద ఎవరి పేరు ఉండాలన్నదే అక్కడ కూడా.

జీతాల సంగతి చెప్పనా? 2021 జూలైలో మాన్సాస్ విద్యాసంస్థల సిబ్బంది జీతాలు అందట్లేదని ఈవోగారి దగ్గరకు వెళ్తే వాళ్ళ మీద కేసులు పెట్టారు. చైర్మన్‌గారి మీద కూడా పెట్టారు. జీతం అడిగితే పోలీసు కేసు, వేల ఎకరాలున్న సంస్థలో! ఆ ఎకరాల మీద వచ్చే కౌలు సక్రమంగా వసూలైతే పాఠం చెప్పే మాస్టారు ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. ఇదిగో, ఇందుకే జాబితా అడుగుతున్నాను.

సింహాచలం కూడా చెప్పాలి, చెప్పకపోతే నిద్ర పట్టదు. చందనోత్సవం నాడు తొలి దర్శనం అనువంశిక ధర్మకర్త కుటుంబానికి. ఆచారం, నాకేం అభ్యంతరం లేదు. ఆ తొలి దర్శనం ఎవరికన్న దాని మీద మీ శాఖ పెట్టినంత శ్రద్ధ కొత్తగా లేపి, క్యూ మీద కూలిన ఆ గోడ మీద పెట్టి ఉంటే 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున క్యూలో నిలబడ్డ ఏడుగురు ఇళ్ళకి తిరిగి వెళ్ళేవారు. అప్పుడు మంత్రిగా మీరున్నారు, పాత ప్రభుత్వం మీదకు నెట్టడం కుదరదు. పంచగ్రామాల వాళ్ళయితే ఇంకా అలాగే ఉన్నారు, అడవివరం, వేపగుంట వైపు 12 వేల పైచిలుకు ఇళ్ళు, ఇల్లు తమదే, స్థలం మాత్రం కాగితాల్లో దేవుడిది. వాళ్ళ పిల్లలు పెళ్ళిళ్ళై పిల్లల్ని కన్నారు, రిజిస్ట్రేషన్ మాత్రం ఎన్నికలప్పుడల్లా వచ్చి ఎన్నికలవగానే పోతుంది. దానికీ మూలం ఒకటే. రాజులిచ్చిన భూమి ఎంత, ఎక్కడ, ఎవరి స్వాధీనంలో ఉంది అన్నది మొదట్లోనే శుభ్రంగా రాసి బయట పెట్టలేదు.

రాజవంశంలో పెద్ద కొమ్మకి కాక పక్క కొమ్మకి పుట్టిన వాళ్ళకి కుర్చీ తప్ప వేరే పని ఉండదా అంటే, ఉంటుందండి. క్రికెట్ కెప్టెన్ విజ్జీగారు ఉన్నారు కదా. మహారాజు అన్నగారు అలక్ నారాయణ్, ఈయన తమ్ముడు, మహారాజకుమార్ అనే పేరుతోనే జీవితాంతం ఉండిపోయారు. 1936లో ఇంగ్లండ్‌లో ఆయన కెప్టెన్సీ గురించి, లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపించేయడం గురించి క్రికెట్ వాళ్ళు ఇప్పటికీ తిట్టుకుంటారు, తిట్టుకోనీయండి, ఆ తిట్లలో న్యాయం ఉంది. కానీ ఆయన తనకంటూ ఒక రంగం వెతుక్కున్నారు, క్రికెట్ బోర్డుకి అధ్యక్షుడయ్యారు, 1962లో విశాఖపట్నం నుంచి ఓట్లడిగి లోక్‌సభకి వెళ్ళారు. ఆనంద గజపతిగారు ఎన్నికల్లో గెలిచారు, అశోక్‌గారు 1978 నుంచీ జనం ముందుకు వెళ్తూనే ఉన్నారు, కేంద్ర మంత్రి అయ్యారు, ఇప్పుడు గోవా గవర్నర్. వారి అమ్మాయి అదితిగారు 2024లో మా ఎమ్మెల్యే అయ్యారు. ఓట్లడిగినప్పుడు మేం ఏ కొమ్మ అని చూడలేదు, నచ్చితే వేశాం, నచ్చకపోతే ఓడించాం కూడా. అక్కడ లెక్క సరిగ్గానే ఉంది. ట్రస్టు కుర్చీ దగ్గర మాకు ఓటు లేదు, కనీసం లెక్క చూసే వీలైనా ఉండాలి కదా?

ఇప్పుడు మీ వాళ్ళ ప్రభుత్వమే, కుర్చీ గొడవ సద్దుమణిగింది అనుకుంటున్నారేమో. సద్దుమణిగినప్పుడే చేయాల్సిన పని ఇది. మళ్ళీ ప్రభుత్వం మారితే మళ్ళీ ఇంకో కొమ్మ వారిని వెతికి తీసుకొస్తారు, జీవో వస్తుంది, కోర్టుకెళ్తారు, లాయర్ ఫీజులు ట్రస్టు ఖాతా నుంచి కడతారో ఎవరి జేబులోంచి కడతారో అదీ మాకు తెలియదు. ఆ లెక్క కూడా వేయించండి, పుణ్యముంటుంది.

అడగాల్సింది ఇంకా చాలా ఉంది. కోట గోడల్లో రావి మొక్కలు మొలుస్తున్నాయి, వాటిని పీకించండి. మాన్సాస్ కింద ఉన్న మహారాజా కాలేజీ, అదే ఎం.ఆర్. కాలేజీ, సంగతి తేల్చండి. మోతీమహల్‌కి అనుమతి ఎవరిచ్చారో ఆ కాగితం చూపించండి. ఇవన్నీ ఒకేసారి అడిగితే ఏదీ చేయరని అనుభవం మీద తెలుసు కాబట్టి ముందు జాబితా. మాన్సాస్ కింద, అనువంశిక ధర్మకర్తల గుళ్ళ కింద ఉన్న ప్రతి సర్వే నంబరు, గ్రామం, విస్తీర్ణం, సాగు చేస్తున్న వారు ఎవరు, కౌలు ఎంత, బకాయి ఎంత, కోర్టులో ఉంటే ఏ కోర్టులో. తెలుగులో, మీ శాఖ వెబ్‌సైట్‌లో, మధ్యలో పాస్‌వర్డులు లేకుండా. ఇందుకు కేబినెట్ అనుమతి అక్కర్లేదు, కేంద్రం నిధులక్కర్లేదు. ఎవరి వంశవృక్షమూ తిరగేయక్కర్లేదు. మీ కింద ఉన్న అధికారులు రికార్డు రూములో కూర్చుని టైప్ చేస్తే అయిపోతుంది.

ఈ ఏడాది కౌలు వేలానికి ముందే పెట్టించండి. వేలం అయ్యాక పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

ఇట్లు,
విజయనగరం నుంచి,
ఎం.ఆర్. కాలేజీ పాత విద్యార్థి ఒకరు