వంగ నారు ఈసారి ఎందుకు ఆగి పంపుతున్నామంటే

మా నర్సరీలో వంగ నారు బుక్ చేసుకున్న అందరికీ నమస్కారం. నారు ఎప్పుడు పంపుతారని రోజూ అడుగుతున్నారు. మొక్కలు సిద్ధంగానే ఉన్నాయి. కానీ మీ దగ్గర రాత్రి ఉష్ణోగ్రత నిలకడగా 12 డిగ్రీలు దాటేదాకా పంపకూడదని నిర్ణయించాను. అంతవరకు ఆగలేమనుకునే వాళ్లకు డబ్బు పూర్తిగా తిరిగి ఇచ్చేస్తాను.

చల్లటి ప్రాంతాల నుంచి పోయిన సీజన్‌లో ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు ఒకటే: మొక్క నిండా పూత, ఒక్క పిందె లేదు. వంగకు పగటి వేడి 22 నుంచి 30 డిగ్రీల దాకా ఉంటే హాయి. రాత్రిళ్లు 15 కంటే తగ్గితే పుప్పొడి సరిగా తయారవదు. పువ్వు చక్కగానే విచ్చుకుంటుంది, తర్వాత తొడిమతో సహా రాలిపోతుంది. 10 కంటే దిగితే ఆకులు పసుపు తిరిగి మొక్క గిడసబారిపోతుంది. ఆ తర్వాత ఎండ కాసినా తేరుకోవడానికి చాలా రోజులు పడుతుంది. ఈలోగా ఆలస్యంగా నాటిన మొక్క దాన్ని దాటిపోతుంది.

పూత నిలవడానికి టానిక్ ఏదైనా అమ్మమని చాలామంది అడిగారు. అమ్మను. మట్టి చల్లగా ఉంటే వేర్లు ఉన్న పోషకాలనే అందుకోలేవు. పైగా నత్రజని ఎక్కువైతే ఆకులు ఏపుగా పెరుగుతాయి తప్ప కాయలు రావు.

దానికి బదులు ఒక పువ్వును దగ్గరగా చూడండి. మధ్యలో పసుపు కేసరాలు గొట్టంలా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటి కొసన సన్నటి రంధ్రాలుంటాయి, పుప్పొడి రాలేది అక్కడి నుంచే. ఆకుపచ్చటి కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొస, ఆ గొట్టం దాటి బయటికి పొడుచుకొస్తే ఆ పువ్వు కాయయ్యే అవకాశం ఎక్కువ. లోపలే ఉండిపోయిన పువ్వులు మామూలుగా రాలిపోయేవే, వాటి గురించి టెన్షన్ పడకండి. అన్నీ అలాగే ఉంటే మాత్రం మొక్కకు బలం చాలడం లేదని అర్థం.

తుమ్మెదలు పువ్వును పట్టుకుని ఒళ్లు అదిరించి ఆ పుప్పొడిని దులుపుతాయి. తేనెటీగలకు ఆ విద్య రాదు. తలుపులు మూసిన గ్రీన్‌హౌస్‌లోకి ఏవీ రావు కాబట్టి ఆ పని మనమే చేయాలి. గాలిలో తడి ఆరిన వేళ, పువ్వు కాడకు ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనక వైపు ఒక్క క్షణం ఆనించండి. సన్నటి పసుపు పొడి రాలుతుంది.

గ్రీన్‌హౌస్‌లో ఇంకో రెండు చూసుకోవాలి. ఆకు మీద లేత పసుపు చుక్కలు, కింద సన్నటి సాలెగూడు లాంటిది కనిపిస్తే అది ఎర్రనల్లి అనే చిన్న పురుగు. అది పొడి గాలికి వస్తుంది, ఆకుల అడుగున నీళ్లు గట్టిగా పిచికారీ చేయండి. గాలి ఆడక చెమ్మ పట్టితే బూడిద రంగు బూజు వస్తుంది. పిందెకు అంటుకున్న వాడిన రేకుల దగ్గరే అది మొదలవుతుంది, వాటిని వేలితో తీసేయండి.

మొక్క ఒక పక్కే వాడి, కాండం కోస్తే లోపల గోధుమ రంగు కనిపిస్తే అది మట్టిలోంచి వచ్చే వడలు తెగులు కావచ్చు. దానికి మందు లేదు. ఆ చోట వంగ, టమాటా, బంగాళదుంప వేయకండి. కొత్త మట్టితో కుండీలో పెంచడం మేలు.

రకాల విషయానికొస్తే, చలి ప్రాంతాల వాళ్లకు లావుపాటి గుండ్రటి రకాలు ఇవ్వడం ఆపేశాను. ఉన్న కొద్ది వేసవిలో సన్నటి పొడుగు రకాలు త్వరగా చేతికొస్తాయి. ఇప్పటికే లావు రకం వేసుకున్న వాళ్లు మొక్కకు ఐదారు పిందెలు ఉంచి మిగతావి గిల్లేయండి.

నారు పంపే తేదీ కోసం ఆర్డర్ నంబర్‌తో పాటు మీ రాత్రి ఉష్ణోగ్రత రాసి పంపండి. ఫోన్‌లో చూపించే అంకె వద్దు. మొక్క పెట్టబోయే చోటే థర్మామీటర్ ఉంచి, తెల్లవారుజామున చూసిన అంకె కావాలి.