కదిలిన ఆకుముక్కలు

పర్లాకిమిడి

ప్రియమైన సూరీ,

నీ ఉత్తరం ఎప్పుడో అందింది. జవాబు ఆలస్యమైంది, కోపగించుకోకు. కోతలు, పెళ్ళిపిలుపులు, అమ్మ కంటి ఆపరేషను, అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. అమ్మ బాగుంది, మళ్ళీ పేపరు చదువుతోంది. పిల్లలు కులాసా. ధాన్యం ధర సంగతి ఎదురుపడ్డప్పుడు మాట్లాడుకుందాం. ఇప్పుడు నీతో చెప్పకపోతే నాకు నిద్ర పట్టనిది ఒకటుంది.

కార్తీక వనభోజనాలకు ఈసారి మహేంద్రగిరి వైపు వెళ్ళాం. కొండ దిగి వచ్చే చిన్న వాగు, రెండు ఒడ్డులా కానుగలు, నేరేళ్ళు. మిట్టమధ్యాహ్నం కూడా నీళ్ళ మీద ఎండ పడదు. మా మేనకోడలు గుర్తుందా, చిన్నప్పుడు నీ కళ్ళజోడు బియ్యం డబ్బాలో దాచిన పిల్ల? ఇప్పుడు బరంపురంలో జంతుశాస్త్రం చదువుతోంది. మేమంతా పొయ్యి రాజేసే పనిలో ఉంటే తను తెల్లటి పళ్ళెం పట్టుకుని వాగులోకి దిగింది. రాతి వెనక చిక్కుకుని నల్లబడిన ఆకుల ముద్దను పళ్ళెంలో వేసి, కాసిని నీళ్ళు పోసి, “మామయ్యా, కదలకుండా చూడు” అంది.

ఒక ఆకుకు ఈనెలే మిగిలాయి, మధ్యలో కండంతా ఏదో తినేసింది. దాని పక్కన కోలగా కత్తిరించిన రెండు ఆకుముక్కలు, పైది పెద్దది, కిందది చిన్నది, అంచులు అతుక్కుని ఉన్నాయి. చూస్తూండగానే అవి కదిలి నడిచాయి సూరీ! ముందు నుంచి చిన్న తల, ఆ వెనక కాళ్ళు. కాడిస్ ఈగ అనే రెక్కల పురుగు పిల్లట. ఆకును తానే కత్తిరించుకుని, నోటి నుంచి వచ్చే పట్టుదారంతో అతికించి గూడు కట్టుకుంటుంది. ఉండేదీ ఆకులోనే, తినేదీ ఆకునే. నేను నోరు తెరుచుకుని చూస్తూండిపోయాను.

తరవాత అన్నం సంగతే మరిచి మేనకోడల్ని అడుగుతూ కూర్చున్నాను. ఆకు నీళ్ళలో పడ్డ ఒకటి రెండు రోజుల్లో దానిలోని చక్కెరలూ, వగరూ చాలావరకు కరిగిపోతాయి. అప్పుడు కంటికి కనపడని బూజులు పట్టి ఆకును మెత్తబరుస్తాయి. తిండిగా ఆకుకు బలం వచ్చేది వాటివల్లే. ఎండు రొట్టెకు వెన్న రాసినట్టు, పురుగుకు రుచీ సత్తువా ఆ బూజులోనే ఉన్నాయి. అది కొరికి రాల్చిన తునకలూ, దాని పెంటా కిందికి కొట్టుకుపోతే, అక్కడ రాళ్ళ మధ్య వలలు కట్టుకుని కాచుకున్న వేరే పురుగులకు అదే తిండి. వాటిని చేపలు తింటాయి. మన వైపు వాగుల్లో పీతలు కూడా ఆకులు తింటాయట. చేపల కూర వెనక ఇంత కథ ఉందని మనకెవరైనా చెప్పారా!

నీడ వాగులో పాచి పెద్దగా పెరగదు కదా, మరి అన్ని ప్రాణులు దేని మీద బతుకుతాయి? అమెరికాలో బేర్ బ్రూక్ అనే అడవి వాగును లెక్కగట్టి, దానికి అందే శక్తిలో 99 శాతానికి పైగా ఒడ్డున ఉన్న అడవి నుంచి వచ్చేదేనని 1973లో తేల్చారు. అమెరికాలోనే కొవీటా అనే చోట మరొక వాగు మీద వల కప్పి, ఆకులు పడకుండా ఏళ్ళ తరబడి ఆపారు. ఆకు తినేవే కాదు, వాటిని వేటాడే పురుగులూ తగ్గిపోయాయి. ఇది విన్నాక నాకు మన కొండల మీది జామాయిల్ తోటలు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ఆ ఆకులో నూనె, పైన మైనం. బూజు సరిగా పట్టదు, పట్టినా పురుగులకు అంతగా ఒంటబట్టదు. మన దగ్గర ఆకు రాలేది మాఘ ఫాల్గుణాల్లో, నీళ్ళు మడుగులుగా మిగిలే రోజుల్లో. ఆ మడుగుల్లో ఏం జరుగుతుందో ఈసారి వెళ్ళి చూడాలి, అసలు ఎండాకాలం ఆ పురుగులు ఎక్కడ... సరే, అది మళ్ళీ రాస్తాను.

అసలు కోపం ఇప్పుడు చెప్తాను. భోజనాలయ్యాక మాతో వచ్చిన పెద్దమనుషులు కొందరు “వాగు చెత్తగా ఉంది, బాగుచేద్దాం” అని కర్రలతో ఆకుల ముద్దలు లాగి ఒడ్డున తగలబెట్టడం మొదలుపెట్టారు. మేం తిన్న అడ్డాకు విస్తళ్ళ పక్కనే వాళ్ళ ప్లాస్టిక్ గ్లాసులు గుట్టగా పడి ఉంటే ఒక్కరూ వాటి జోలికి పోలేదు! నేను అడ్డం వెళ్ళి నిలబడ్డాను. పళ్ళెం తెచ్చి అందరికీ చూపించాను. పిల్లలు వదలకుండా చూశారు, ఒకాయన మాత్రం నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. వచ్చే వేసవికి ఒడ్డున కానుగలు కొట్టించి సిమెంటు మెట్లు కట్టాలని వాళ్ళ ఆలోచన. పంచాయతీకి అర్జీ రాస్తున్నాను. ఒడియాలో రాయడానికి మేనకోడలు సాయం చేస్తోంది, సంతకాలు పోగుచేస్తున్నాం. సంక్రాంతికి నువ్వు తప్పకుండా రావాలి. నలుగురిలో మాట్లాడటం నీకు వచ్చినట్టు నాకు రాదు, పైగా ఆ సర్పంచి మీ మావయ్యకు...

అదిగో, పలాస వెళ్ళే కుర్రాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఉత్తరం వాడి చేతికే ఇవ్వాలి. వచ్చేటప్పుడు మీ నాన్నగారి భూతద్దం పట్టుకురా.

నీ
బుజ్జి